ఆ ఇంటి మెతుకు నేను తినలేదు

నేను కాపురానికి వెళ్ళలేదు. అత్తవారు తీసుకెళ్ళలేదని మా చుట్టాల్లో సగం మంది చెప్పుకున్నారు. మొగుడు వదిలేశాడని మిగతా సగం. పేరంటాల్లో నన్ను చూడగానే గొంతు తగ్గించే వాళ్ళందరికీ నేను గొంతు పెంచే చెబుతున్నాను, రెండూ అబద్ధాలే. మా అమ్మ ఒక మూగ సినిమా చూసొచ్చి నన్ను పంపనని కూర్చుంది. జరిగింది అదీ.

మాది గుడ్లవల్లేరు పక్కన పల్లెటూరు. సినిమాలకి ఇంకా మాటలు రాని రోజులు. గుడివాడలో డేరా వేసి ఆడించేవాళ్ళు. పలకా బలపం పట్టుకుని తిరిగే వయసులో నాకు పెళ్ళి చేశారు. పెళ్ళికొడుకుది దివిసీమలో కోడూరు. రెండో పెళ్ళివాడు, మొదటి భార్య పురిట్లో పోయింది. ఆయన మంచివాడో చెడ్డవాడో నాకు తెలీదు. తెలుసుకునే అవసరం రాలేదు కాబట్టి ఆయన్ని ఒక్క మాట కూడా అనను. నాకు పదమూడేళ్ళు వచ్చేసరికి ఆయన వయసు మా నాన్నగారి వయసుకి దగ్గర్లో ఉంది. ఆ సంగతి ఒక్కటి చెబితే చాలు.

ఆ వేసవిలో కోడూరు పెద్దమనుషులు వచ్చి మా వీధి అరుగు మీద కూర్చున్నారు. చల్లగా మజ్జిగ తాగారు. జ్యేష్ఠమాసం దాటకుండా పిల్లని పంపుతానని నాన్నగారి చేత చేతిలో చెయ్యి వేయించుకుని వెళ్ళారు. ఆ మజ్జిగ చిలికి పంపింది అమ్మే. సంగతేమిటో వాళ్ళు వెళ్ళాక, ఖాళీ చెంబులు తీసేటప్పుడు తెలిసింది ఆవిడకి.

"పిల్ల ఇంకా తొక్కుడుబిళ్ళ ఆడుతోందండీ," అంది.

"నేను మాటిచ్చేశాను," అన్నారు నాన్నగారు.

మా నాన్నగారు చెడ్డవారు కారు. మాటిచ్చిన మగవారు. అంతకంటే మొండి మనిషి ఏ ఇంట్లోనూ ఉండడు. అమ్మ చెంబులు తోముకోవడానికి వెళ్ళిపోయింది.

సారె సామాను కొనడానికి ముగ్గురం బండి కట్టుకుని గుడివాడ వెళ్ళాం. ఇత్తడి బిందె, పళ్ళేలు, రెండు చీరలు కొన్నాక ఇంకా పొద్దుంది. నాన్నగారికి సినిమా చూడాలని మహా సరదా. ఆడవాళ్ళని బజార్లో కూర్చోబెట్టి తనొక్కరే వెళ్తే బాగుండదని మమ్మల్ని కూడా తీసుకెళ్ళారు. తన జీవితంలో చేసిన పెద్ద పొరపాటు అదేనని తర్వాత ఆయనే పదిమందికీ చెప్పుకున్నారు.

డేరా మధ్యలో దుప్పట్లు కట్టి అటు మగవాళ్ళు, ఇటు ఆడవాళ్ళు. తెర పక్కన బల్ల మీద ఒకాయన నిలబడి ఉన్నాడు. నల్లకోటు, పంచె, చేతిలో పొడుగాటి బెత్తం. బొమ్మ మూగది, మధ్యమధ్య పడే అక్షరాలు ఇంగ్లీషువి, అందుకని కథ మనిషే చెప్పాలి. ఆ రోజుల్లో ప్రతి డేరాకీ అలాంటి మనిషి ఒకడు ఉండేవాడు. ఈయన పద్ధతి ఏమిటంటే, ఏ దేశపు సినిమా వచ్చినా పట్టుకొచ్చి మన పురాణంలో ఒక కథకి కట్టేయడం. గడ్డం ఉన్న దొర కనిపిస్తే మహాముని. టోపీ ఉంటే రాజు. గుర్రం కనిపిస్తే అశ్వమేధం. జనానికీ అదే ఇష్టం. తెల్లవాళ్ళ మొహాల్లో మన దేవుళ్ళని చూసుకుని లెంపలు వేసుకునేవాళ్ళు.

ఆ రోజు బొమ్మ గోధుమ చేలతో మొదలైంది. ఒక తల్లి, ఒక కూతురు. తర్వాత ఒక పెద్ద మేడ. అందులో నల్ల చేతితొడుగులు వేసుకున్న ఒక మనిషి, ఆ పిల్ల తండ్రితో చెయ్యి కలుపుతాడు. బెత్తం పట్టుకున్నాయన, "స్నేహితులు కుశలమడుగుతున్నారు," అని దాటించేశాడు. తర్వాత ఆ పిల్ల చేలో పూలు కోసుకుంటూ ఉంటుంది. నల్లటి మోటారుకారు వచ్చి ఆగుతుంది. చేతితొడుగుల మనిషి దిగి, పిల్లని రెక్క పట్టుకుని లోపలికి లాగేస్తాడు.

బెత్తమాయనకి పూనకం వచ్చింది.

"అదిగో రథం! గుళ్ళో అమ్మవారికి మొక్కుకుని వస్తున్న రాజకుమార్తెని తీసుకుపోవడానికి స్వామి రానే వచ్చాడు! ఎక్కు తల్లీ, ఎక్కు!"

హార్మోనియం పెళ్ళిపాట అందుకుంది. దుప్పటి అవతల ఒకటే చప్పట్లు. నేనూ కొట్టాను. ఆ కథ మా ఇంట్లో పెళ్ళీడు పిల్లల చేత చదివించేవాళ్ళు, మంచి మొగుడు వస్తాడని. నాకు నోటికి వచ్చు.

"ఆ పిల్ల ఏడుస్తోందండీ," అంది ఒక గొంతు.

నా పక్కనుంచే. మా అమ్మ లేచి నిలబడి ఉంది. సరిగ్గా అప్పుడే రీలు అయిపోయి దీపాలు వెలిగాయి. కొత్త రీలు ఎక్కించేదాకా అందరూ చేసే పని లేక, దుప్పటి మీంచి మెడలు సాచి మా అమ్మనే చూశారు. వాళ్ళలో మా నాన్నగారు లేరు. గొంతు గుర్తుపట్టి తల దించేసుకుని ఉంటారు.

"ఆనందబాష్పాలు తల్లీ అవి," అన్నాడు బెత్తమాయన చిరునవ్వుతో.

"ఆనందబాష్పాలైతే గోళ్ళతో రక్కుతారటండీ?"

ఆడవాళ్ళ వైపు కిసుక్కుమన్నారు. ఆయన మొహం కొంచెం వాడింది.

"కూర్చోండమ్మా. కథ మీకు తెలియనిదా?"

"తెలుసు కాబట్టే అడుగుతున్నాను. మీరు చెప్పే రాజకుమార్తె తనే కబురు పంపింది. నువ్వు రాకపోతే ప్రాణం తీసుకుంటానని పంపింది. పిలిస్తే వచ్చాడాయన. ఈ పిల్ల ఎవరికి కబురు పంపిందో నాకు చూపించండి, కూర్చుంటాను."

"కూర్చోవమ్మా" అని మగవాళ్ళు అరిచారు, దీపాలు ఆరాయి, అమ్మ కూర్చుంది. కానీ బెత్తమాయన కష్టాలు అప్పుడే మొదలయ్యాయి. ఆయన పురాణం ప్రకారం పెళ్ళి అయిపోవాలి, బొమ్మ కూడా అయిపోవాలి. బొమ్మేమో ఇంకా బోలెడుంది.

ఆ తల్లి లాంతరు పట్టుకుని కూతుర్ని వెతుకుతుంది. రైలు గేటు దగ్గర సిగ్నలు మనిషి, నల్లకారు అటు వెళ్ళడం చూశానని చెయ్యి చాపి చూపిస్తాడు. ఆ కారు మనిషిది ఒక బొగ్గుగని, భూమి లోపలంతా చీకటి, మసి. తల్లి మేడకి పరిగెత్తి భర్తని నిలదీస్తే, ఆయన మొహం తిప్పుకుంటాడు. అప్పుడావిడ తిరిగొచ్చి కోతవాళ్ళందర్నీ ఇళ్ళకి పంపేసి, ధాన్యపు కొట్టుకి తాళం వేస్తుంది. నూర్పిడి యంత్రం ఆగిపోతుంది. పట్నంలో రొట్టెల దుకాణాలు మూతపడతాయి. పిల్లలు ఖాళీ గిన్నెలు పట్టుకుని వీధుల్లో నిలబడతారు.

"తల్లికి కాస్త బెంగ," అన్నాడు బెత్తమాయన. కాసేపటికి, "బాగా బెంగ," అన్నాడు. ఆ తర్వాత కథ చెప్పడం మానేసి బల్ల మీద కూర్చున్నాడు. హార్మోనియం ఒక్కటే మోగుతోంది. అప్పుడు మా అమ్మ చుట్టూ ఉన్న ఆడవాళ్ళకి చెప్పడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తర్వాత డేరా అంతా వినపడేట్టు.

"చూడండి, మొగుణ్ణి అడుగుతోంది. ముందు చెయ్యి కలిపింది మీరే కదా, అంటోంది. నన్నొక్క మాట అడిగారా, అంటోంది."

మొదటి రీల్లో ఆ చేతులు కలవడం డేరాలో అందరూ చూశారు. గుర్తు పెట్టుకుంది ఆవిడొక్కతే. చూపు తెర మీదే ఉంది కానీ ఆ మాటలు దుప్పటి అవతల ఎవరికి చెబుతోందో నాకు తెలిసిపోయింది.

గనిదొర ఇంట్లో ఆ పిల్ల ఏం పెట్టినా తినదు. పళ్ళేలు వస్తాయి, పోతాయి. చివరికి ఆకలికి ఓర్చుకోలేక నాలుగు దానిమ్మ గింజలు నోట్లో వేసుకుంటుంది. దొర నవ్వుతాడు. తర్వాత పెద్దలు కారులో వచ్చి పంచాయితీ పెట్టి, ఇక్కడ ఏమైనా తిన్నావా అని ఆ పిల్లని అడుగుతారు. ఆ పిల్ల అబద్ధం చెప్పదు. తిన్నావు కాబట్టి సగం ఏడాది ఈ ఇంట్లో, సగం ఏడాది తల్లి దగ్గర అని తీర్పు. తెర మీద పడ్డ ఆ ఇంగ్లీషు అక్షరాలు మగవాళ్ళ వైపు ఎవరో తెలుగు చేసి పైకి చెప్పారు. తల్లీకూతుళ్ళు రైలు స్టేషన్లో విడిపోతారు. చేల మీద తెల్లగా మంచు పడుతుంది. బెత్తమాయన బతుకుజీవుడా అని లేచి మంగళం పాడేశాడు.

తిరిగొచ్చేటప్పుడు బండిలో నాన్నగారు ఎద్దుల మీద విసుక్కుంటూ కూర్చున్నారు. అమ్మ నన్నొక్క మాట అడిగింది.

"పెళ్ళయ్యాక నిన్ను కోడూరు తీసుకెళ్ళారు కదే, అక్కడేం తిన్నావు?"

ఏం తింటాను? పులిగడ్డ రేవులో పడవెక్కిన దగ్గర్నించీ వాంతులు. కోడూరు చేరేసరికి ఒళ్ళు కాలిపోతోంది. అత్తగారు ఎన్ని పెట్టినా నోరు తెరవలేదు. అమ్మ మూటగట్టి ఇచ్చిన అటుకులు నమిలి, మర్నాడే తిరుగు పడవెక్కాను. అదే చెప్పాను.

"బాగా గుర్తు తెచ్చుకో. పాలు? పండు?"

"ఏమీ లేదమ్మా. మంచినీళ్ళు తాగాను."

"నీళ్ళు కృష్ణమ్మవి. అవి వాళ్ళవి కావు," అని ఇటు తిరిగి పడుకుంది.

ఇక్కడ మా ఇంటి ఆనవాయితీ ఒకటి చెప్పాలి. మరుసటి ఏటికి దాచిన విత్తనపు వడ్లు నట్టింటి పక్క కొట్టుగదిలో ఉండేవి. ఆ గది తాళం ఇంటి ఇల్లాలిదే, మగవాళ్ళు ముట్టుకోరు. కాలవకి నీళ్ళొదిలాక పెద్దపాలేరు గంప పట్టుకుని గుమ్మంలో నిలబడితే, ఇల్లాలు తన దోసిలితో మొదటి గింజలు పొయ్యాలి. ఆ తర్వాతే నానబోసి, మొలక వచ్చాక నారుమడిలో చల్లడం. మా నాన్నమ్మ చేసింది, ఆవిడ అత్తగారు చేసింది. వేరే చేత్తో పోసిన గింజ మా పొలంలో ఎప్పుడూ పడలేదు.

లాకులు ఎత్తారు. ఎర్రనీళ్ళు పొలం బోదెల్లోకి వచ్చాయి. పెద్దపాలేరు గంప తెచ్చి గుమ్మంలో పెట్టాడు. అమ్మ బియ్యం ఏరుకుంటూ కూర్చుంది, లేవలేదు.

"అమ్మగారూ, ఇత్తనాలండీ."

"ఈ ఏడు ఇవ్వను. అయ్యగారికి చెప్పు."

నాన్నగారు కండువా భుజాన వేసుకుని వచ్చారు. ఏమిటీ పెంకితనం అన్నారు. అమ్మ ఒకే మాట అంది, "పిల్లని పంపనని చెప్పండి, ఇప్పుడే లేస్తాను." తాళంచెవి మొలలో దోపుకుని ఉంది. నాన్నగారు నవ్వారు. మర్నాడు నవ్వలేదు. ఆ తర్వాత అరిచారు. వంట మాత్రం అమ్మ ఏ పూటా మానలేదు. వేళకి వడ్డించేది, మజ్జిగలోకి ఊరగాయ మర్చిపోకుండా వేసేది. కోపం ఉంటే కదా మానడానికి. ఆవిడకి ఉన్నది కోపం కాదు, తీర్మానం.

ఊళ్ళో అందరి నారుమళ్ళూ పచ్చబడ్డాయి. మాది ఒక్కటే బురద. మా మడి పక్కనుంచి వెళ్ళేవాళ్ళు ఆగి చూసి మరీ వెళ్ళేవాళ్ళు. నాన్నగారు ఆ దారిన నడవడం మానేశారు. ఇక ఒకరోజు గునపం తెప్పించి, తాళం పగలగొట్టమని పెద్దపాలేరుతో అన్నారు. అతను గునపం చేతిలోకి తీసుకోలేదు.

"తాళం పగలగొట్టటం ఎంతసేపండీ. అమ్మగారి చెయ్యి పడకుండా చల్లి, రేపు ఏ మొహం పెట్టుకుని కోస్తామండీ? తేడా వస్తే ఊరంతా మా చేతుల్నే అంటారండీ."

నాన్నగారు తనే పట్టుకున్నారు గునపం. తలుపు దాకా వెళ్ళారు. అమ్మ అడ్డం రాలేదు, పక్కకి తప్పుకుంది. అలా తప్పుకోవడం చూసేసరికి ఆయనకి చెయ్యి ఆడలేదు. ఆ గది ముందు తన తల్లి నిలబడి ఉండడం చూస్తూ పెరిగిన మనిషి. గునపం గోడకి ఆనించి వీధిలోకి వెళ్ళిపోయారు.

జ్యేష్ఠం చివరికొచ్చింది. ఆషాఢం వస్తే కొత్తకోడలు అత్తగారి గడప తొక్కకూడదు, నారు ముదిరే వేళా ఉండదు. రెండు పక్కలా గడువు తరుముకొస్తుంటే కోడూరు నుంచి మా అత్తగారు నన్ను తీసుకెళ్ళడానికి దిగారు. పసుపుచీర, మల్లెపూలు, చలిమిడి అన్నీ తెచ్చుకున్నారు. అమ్మ కాళ్ళకి నీళ్ళిచ్చి, చాప వేసి, విసనకర్ర ఇచ్చింది. నాన్నగారు స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. నేను తలుపు వెనక. నన్ను ఏ గుమ్మంలోంచి ఎటు పంపుతారో ఆ చావిట్లో తేలిపోతుంది.

"ఎందుకొచ్చిన గొడవ," అన్నారు నాన్నగారు చివరికి. "సగం ఏడాది అక్కడుంటుంది. కోతల నుంచి వేసవి దాకా ఇక్కడుంటుంది. నీ మాటా నిలబడుతుంది, నా మాటా నిలబడుతుంది."

ఆయనకి తెలియకుండానే ఆ సినిమా తీర్పు ఆయన నోట్లోంచి వచ్చేసింది. అమ్మ దానికోసమే కాచుకుని కూర్చున్నట్టుంది.

"సగం ఎందుకిచ్చారండీ ఆ పిల్లకి? ఆ ఇంట్లో తింది కాబట్టి ఇచ్చారు. మీరూ చూశారుగా. మన పిల్ల తినలేదు."

"సినిమాలో చూసింది ఇంట్లో చేస్తావా?"

"నేను చూస్తానన్నానా? మీరే చూపించారు."

తర్వాత మా అత్తగారి వైపు తిరిగింది. "వదినగారూ, మీరు పెద్దవారు, అబద్ధం చెప్పరు. పెళ్ళయ్యాక మా పిల్ల మీ ఇంటికి వచ్చినప్పుడు ఒక్క మెతుకైనా తిందా?"

మా అత్తగారు విసనకర్ర ఆపేశారు. ఆవిడ ఒక్క అబద్ధం ఆడితే నా బతుకు అటు తిరిగిపోయేది. నేను తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ మొహంలో పాత కష్టం ఒకటి పైకొచ్చింది.

"ఎక్కడ తిందండీ! పరమాన్నం వండాను, పులిహోర కలిపాను. ఎంత బతిమాలినా నోరు తెరవలేదు. కొత్తకోడలు మెతుకు ముట్టకుండా పోయిందని ఊరంతా అనుకున్నారు. నాకు ఇప్పటికీ మనసులో ముల్లే అది," అని, ఆ మాట ఎటు దారితీసిందో అప్పుడు తెలుసుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"మరి తినని ఇంటికి ఏ లెక్కన పంపమంటారు?" అంది అమ్మ.

ఆ లెక్క ఏ శాస్త్రంలోనూ లేదు. అది తెల్లవాళ్ళ సినిమాలో లెక్క అని చెప్పే ధైర్యం నాన్నగారికి లేదు, ఎందుకంటే ఇప్పుడే సగం తీర్పు తనే అందులోంచి తెచ్చారు. మా అత్తగారు మాత్రం నన్ను పిలిచి దగ్గర కూర్చోబెట్టుకుని, "నీకు రావాలని ఉందా?" అని అడిగారు. నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. లేదన్నాను. గట్టిగానే అన్నాను. ఆవిడ మల్లెపూలు నా జడలో తురిమి, పసుపుచీర తిరిగి సంచిలో పెట్టుకున్నారు. అందుకే కోడూరు వాళ్ళని ఎవరైనా ఏమైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నాన్నగారు స్తంభం దగ్గర్నించి లేచి గుమ్మం దాకా వెళ్ళారు. తర్వాత వీధిలోకి కేకేశారు, "ఒరేయ్, గంప పట్టుకురా!"

అమ్మ లేచి తాళం తీసింది. మొదటి దోసిలి పోసి, నన్నూ పిలిచింది. రెండో దోసిలి నేను పోశాను. మా నారు ఆలస్యంగా వచ్చింది, పంట పలచగా పండింది. ఆ ఏడంతా నాన్నగారు అన్నంలో చెయ్యి పెట్టినప్పుడల్లా ఆ మాట అన్నారు. అననీవే, అని నాతో చెప్పి అమ్మ ఆయనకి నెయ్యి వేసేది.

కోడూరాయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. నాకు మెళ్ళో తాళి, వెనక మాటలు మిగిలాయి. ఆ తాళి నేను తీసి పెట్టెలో పెట్టిన రోజున మాటలు ఇంకా పెరిగాయి. నేను బందరు వెళ్ళి చదువుకుని, పంతులమ్మనయ్యాను. అక్కడ ఒక ఇంగ్లీషు కథల పుస్తకంలో ఆ సినిమా నాకు మళ్ళీ ఎదురైంది. అది గ్రీకువాళ్ళ కథ, వేల ఏళ్ళ నాటిది. ఆ తల్లి పంటల దేవత. గనిదొర పాతాళానికి రాజు. చెయ్యి కలిపిన తండ్రి దేవతలందరికీ పెద్ద. నేల చీల్చుకుని వచ్చిన నల్లగుర్రాల రథాన్ని సినిమావాళ్ళు మోటారుకారు చేశారు. పాతాళాన్ని బొగ్గుగని చేశారు. ఆకాశంలోంచి అంతా చూసి చెప్పిన సూర్యుణ్ణి సిగ్నలు మనిషిని చేశారు. మహా తెలివైనవాళ్ళు, అన్నీ మార్చారు. తండ్రి చెయ్యి కలపడం, పిల్ల గింజలు తినడం, సగం తీర్పు, ఈ మూడింటి జోలికి మాత్రం పోలేదు. నా కోపం అక్కడే. గుర్రాన్ని మార్చడానికి వచ్చిన ధైర్యం తీర్పుని మార్చడానికి రాలేదు. అది గుడ్లవల్లేరు పక్క పల్లెలో చదువురాని ఒకావిడ మార్చవలసి వచ్చింది.

సెలవులకి వెళ్ళినప్పుడు అమ్మకి ఆ కథ చదివి వినిపించాను. వేల ఏళ్ళ నుంచీ అదే కథ చెప్పుకుంటున్నారని కూడా చెప్పాను.

"అన్నేళ్ళుగా ప్రతి ఏడూ పంపుతూనే ఉందా ఆవిడ?" అంది. "దేవతయి ఉండీ!"

ఆ కథ నేను మా బడిలో ఆడపిల్లలకి ప్రతి ఏడూ చెప్పేదాన్ని. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి వెనక బెంచీలో కూర్చుని విన్నారు. పిల్లలు బయటికి వెళ్ళాక కళ్ళజోడు సవరించుకుంటూ, "చివర తప్పు చెప్పారమ్మా. ఆ అమ్మాయి గింజలు తిన్నది, సగం ఏడాది పాతాళానికి వెళ్ళింది. మీరేమో తినలేదు, వెళ్ళలేదు అని చెప్పారు," అన్నారు.

"ఆ అమ్మాయి తిందండీ," అన్నాను. "నేను తినలేదు."